దారి దీపానికి వేరే ఆధారం: భవనాల్లో అత్యవసర వెలుగు చరిత్ర

జనం గుమిగూడే భవనంలో నిప్పు అంటుకున్నప్పుడు మంటలతో పాటు పొగ, చీకటి, ఆ రెండూ కలిసి పుట్టించే తొక్కిసలాట కూడా ప్రాణాలు తీస్తాయని గత నూట నలభై ఏళ్ల ప్రమాదాల చరిత్ర పదే పదే చాటింది. మామూలు వెలుగు ఆరిపోయిన క్షణం నుంచి చివరి మనిషి బయటపడేదాకా మెట్లు, మలుపులు, ద్వారాలు కనిపించేంత వెలుగును వేరొక ఆధారం నుంచి అందించే ఏర్పాటును అత్యవసర దీప వ్యవస్థ అంటారు. ఆ ఆధారం ఒక్కొక్క దీపంలో ఇమిడిన చిన్న బ్యాటరీ కావచ్చు, లేదా భవనం మొత్తానికి ఒకేచోట అమర్చి తీగల ద్వారా దీపాలన్నిటికీ కరెంటు పంపే పెద్ద బ్యాటరీల వరస కావచ్చు. ఈ రెండోదాన్ని కేంద్రీకృత వ్యవస్థ అంటారు. ఈ రెండు పద్ధతులూ ఒకే సూత్రాన్ని అమలు చేయడానికి పుట్టాయి. దారి చూపే దీపం, ఆరిపోయే దీపంతో పాటు ఆరిపోకూడదన్నదే ఆ సూత్రం. వినడానికి ఇంత తేలికైన సూత్రాన్ని ప్రపంచం ఒక్కసారిగా నేర్చుకోలేదు. ఆధారం వేరుగా ఉండాలని ఒక ప్రమాదం, అది తనంతట తానే పనిచేయాలని మరొకటి, దాన్ని ఉంచే చోటు కూడా సురక్షితంగా ఉండాలని ఇంకొకటి, ఇలా విడతలు విడతలుగా నేర్పాయి.

ఈ కథ నాటకశాలల్లో మొదలవుతుంది. 1817 ప్రాంతంలో లండన్‌లోని డ్రూరీ లేన్, లైసియం నాటకశాలల వేదికలకు గ్యాస్ దీపాలు వచ్చాయి. కొవ్వొత్తులనూ నూనె దీపాలనూ ఒక్కొక్కటిగా వెలిగించి ఆర్పే రోజులతో పోలిస్తే ఇది పెద్ద మార్పు, ఎందుకంటే గొట్టాలన్నీ ఒకచోట చేరే కవాటాల బల్ల దగ్గర నిలబడి ఒక్క మనిషి శాల మొత్తం వెలుగును పెంచడం, తగ్గించడం సాధ్యమైంది. అయితే వెలుగంతా ఒక్క చేతికి లొంగడమంటే చీకటి కూడా ఒక్క చేతికి లొంగడమే. అందుచేత జాగ్రత్తగల నాటకశాలల్లో నడవాల్లోనూ మెట్ల దగ్గరా గ్యాస్‌తో సంబంధం లేని నూనె దీపాలు వేలాడదీయాలన్న నియమం క్రమంగా ఏర్పడింది. అత్యవసర దీపానికి తొలి రూపం ఇదే.

ఆ నియమం కాగితం మీదే ఉండిపోతే ఏమవుతుందో 1881 డిసెంబరు 8న వియన్నా నగరంలోని రింగ్ థియేటర్ చూపించింది. ఆ సాయంత్రం స్వరకర్త ఓఫెన్‌బాక్ సంగీత నాటకం ఒకటి ప్రారంభం కావలసి ఉండగా, వేదిక మీది గ్యాస్ దీపాలను వెలిగించే సమయంలో బయటికి పొక్కిన గ్యాస్ భగ్గున అంటుకుని పైన వేలాడుతున్న తెరలను చుట్టుముట్టింది. పేలుడు జరుగుతుందేమోనన్న భయంతో గ్యాస్ సరఫరాను మూలంలోనే ఆపివేశారు. ఆ నిర్ణయంలో దురుద్దేశమేమీ లేదు, అగ్నిని అరికట్టాలన్న ఆలోచనే ఉంది. కాని దాని ఫలితంగా శాలంతా ఒక్కసారిగా చీకటిలో మునిగింది. గోడల మీద నూనె దీపాలు ఉన్నప్పటికీ ఆ రోజు వాటిని వెలిగించలేదు. ద్వారాలు లోపలివైపుకు తెరుచుకునేవి కావడం వల్ల, చీకట్లో తడుముకుంటూ వచ్చిన జనం వాటికి అడ్డుపడి అక్కడే కుప్పగూలారు. అధికారిక లెక్క ప్రకారం 384 మంది మరణించారు. మర్నాడే ఆ నగరంలో స్వచ్ఛంద రక్షణ సంఘం ఏర్పడింది. వేదికకూ ప్రేక్షకులకూ నడుమ ఇనుప తెర, బయటికి తెరుచుకునే తలుపులు తప్పనిసరి అనే ఆలోచన యూరప్ అంతటా పాకింది. వేరే ఆధారం ఉండటం ఒక్కటే చాలదనీ, మనిషి గుర్తుపెట్టుకుని వెలిగిస్తేనే వెలిగే దీపాన్ని నమ్ముకోలేమనీ రింగ్ థియేటర్ నేర్పింది.

అదే సంవత్సరం లండన్‌లో దీనికి సమాధానం అనిపించే కొత్త వెలుగు సిద్ధమవుతోంది. 1881 అక్టోబరు 10న రిచర్డ్ డోయ్లీ కార్ట్ ప్రారంభించిన సవోయ్ థియేటర్, జోసెఫ్ స్వాన్ తయారుచేసిన సుమారు 1,200 విద్యుత్ దీపాలతో, మొత్తం కరెంటు వెలుగుతో నడిచే తొలి ప్రజా భవనంగా పేరు పొందింది. పక్కనున్న ఖాళీ స్థలంలో ఆవిరి యంత్రాలు డైనమోలను తిప్పేవి. వియన్నా దుర్ఘటన జరిగిన ఇరవై రోజులకు, డిసెంబరు 28న, డోయ్లీ కార్ట్ వేదిక మీదికి వచ్చి, వెలుగుతున్న దీపాన్ని సులువుగా మండే పలుచని గుడ్డలో చుట్టి సుత్తితో పగలగొట్టాడు. దీపం ఆరిపోయింది, గుడ్డకు మాత్రం సెగ కూడా తగలలేదు. విద్యుత్ దీపం నిప్పు పుట్టించదని ప్రేక్షకుల కళ్లముందు నిరూపించిన ఆ మనిషే, కొత్త యంత్రాల మీద పూర్తి భరోసా ఉంచకుండా శాలలో గ్యాస్ గొట్టాలను కూడా వేయించి, కరెంటు ఆగిన పక్షంలో వెంటనే వెలిగించుకునేందుకు వీలుగా చిన్న గ్యాస్ జ్వాలను ఎప్పుడూ ఆరనివ్వకుండా ఉంచే ఏర్పాటు చేశాడు. వెలుగుకు రెండు ఆధారాలు ఉండాలనీ, వాటిలో ఒకటి పాడైతే రెండోది దాని వెంట పాడు కాకూడదనీ గుర్తించిన తొలి తరం వారిలో ఆయన ఒకడు. మరుసటి ఏడాది నవంబరులో, నేటి చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరంలో, ఎడిసన్ దీపాలతో పూర్తిగా విద్యుత్ వెలుగులో కొత్త నాటకశాల ప్రారంభమైంది. 1887 సెప్టెంబరు 5న ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ నగరంలో గ్యాస్ దీపాల నాటకశాల కాలిపోయి 186 మంది మరణించాక, కరెంటు వెలుగుకు మారాలన్న ఒత్తిడి మరింత పెరిగింది.

గ్యాస్ పోయి కరెంటు వచ్చినంత మాత్రాన చీకటి ప్రమాదం తొలగిపోలేదు. డైనమో ఆగితే ప్రతి దీపమూ ఆగుతుంది. అందువల్ల డైనమోతో సంబంధం లేకుండా కరెంటును నిల్వచేసి ఉంచే సాధనం కావలసి వచ్చింది. అది అప్పటికే సిద్ధంగా ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో, గంధకామ్లంలో ముంచిన సీసపు రేకుల మధ్య కరెంటును నిల్వచేసి మళ్లీ తీసుకోగల బ్యాటరీని రూపొందించాడు. 1881లో కమీ ఫోర్ అనే మరో ఫ్రెంచివాడు రేకులకు సీసపు సమ్మేళనాల ముద్దను పూయడం ద్వారా దాన్ని పెద్ద ఎత్తున తయారుచేయడానికి వీలు కల్పించాడు. కొద్ది ఏళ్లలోనే విద్యుత్ కేంద్రాల్లో, నాటకశాలల్లో, ఆ తరువాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో, ఆసుపత్రుల్లో బ్యాటరీ గదులు వెలిశాయి. కేంద్రీకృత అత్యవసర వెలుగుకు అసలు పుట్టినిల్లు ఆ బ్యాటరీ గదే.

ఆ గదిని కాస్త దగ్గరగా చూడటం అవసరం. ఒక్కొక్క సీసపు సెల్ ఇచ్చేది దాదాపు 2 వోల్టులు మాత్రమే కనుక, 110 వోల్టుల దీపాలు వెలగాలంటే 55 సెల్‌లను వరసగా కలపాలి. మందపాటి గాజు పెట్టెల్లో, లేదా లోపల సీసపు రేకు తాపిన కొయ్య తొట్లలో, రేకులు నిలువుగా వేలాడుతూ ఉండేవి. ఆ పెట్టెలను యాసిడ్‌కు తట్టుకునే రంగు పూసిన అరల మీద, కరెంటు నేలకు పోకుండా పింగాణీ దిమ్మెల మీద నిలబెట్టేవారు. నిర్వాహకుడు హైడ్రోమీటర్ అనే తేలే గాజు గొట్టంతో యాసిడ్ సాంద్రతను చూసి బ్యాటరీలో ఎంత శక్తి మిగిలి ఉందో అంచనా వేసేవాడు, ఆవిరైపోయిన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు, వరస మొత్తానికి గుర్తుగా ఎంచుకున్న పైలట్ సెల్ రీడింగులను పుస్తకంలో రాసేవాడు. చార్జింగ్ జరిగేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అందుచేత ఆ గదికి గాలి బాగా ఆడాలి, లోపలికి మంట తీసుకుపోకూడదు. జనాన్ని రక్షించే గదిని కూడా ఎవరో ఒకరు నిత్యం కనిపెట్టుకుని ఉండవలసి వచ్చేది.

దీపం తనంతట తానే వెలగాలన్న వియన్నా పాఠాన్ని ఈ గదిలోని మరో పరికరం అమలుచేసింది. మామూలు కరెంటు వస్తున్నంతసేపూ ఒక తీగచుట్ట అయస్కాంతంగా మారి స్విచ్చిని పట్టి ఉంచుతుంది, బ్యాటరీ దీపాలకు దూరంగా ఉండి చార్జింగ్ తీసుకుంటూ ఉంటుంది. కరెంటు పోగానే అయస్కాంతం పట్టు సడలుతుంది, స్ప్రింగు వల్లనో తన బరువు వల్లనో స్విచ్చి పడిపోయి బ్యాటరీని దీపాలకు కలుపుతుంది. ప్రమాదమే ఇక్కడ పని జరిపిస్తుంది. ఎవరూ చూడనక్కర లేదు, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర లేదు. కాంటాక్టర్ అనే పేరుతో నేటికీ ఎన్నో విద్యుత్ ప్యానెళ్లలో కనిపించే ఈ సాధనం అత్యవసర వెలుగు చరిత్రలో బ్యాటరీతో సమానమైన స్థానానికి అర్హమైనది. 1930ల నాటికి ఎక్సైడ్ సంస్థ కీపలైట్ అనే పేరుతో బ్యాటరీ, చార్జర్, మార్పిడి స్విచ్చి కలిపి ఒకే ఏర్పాటుగా ఆసుపత్రులకూ సినిమాహాళ్లకూ అమ్మేది.

సినిమాహాలు ఈ చరిత్రకు మరో చిక్కు తెచ్చింది. నాటకశాలలో వెలుగు పోతే అందరికీ తెలుస్తుంది, సినిమాహాలులో చీకటి ఉండటమే మామూలు. అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్మ్ ఎంతో తేలిగ్గా అంటుకునేది కనుక, చట్టం మొదట సినిమాలోని కథను కాక ఆ ఫిల్మ్ తెచ్చే అగ్నిభయాన్ని పట్టించుకుంది. బ్రిటన్‌లో 1909 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం, భారతదేశంలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం, ప్రదర్శన స్థలానికి లైసెన్సు ఇవ్వడానికి ప్రేక్షకుల భద్రతను షరతుగా పెట్టాయి. మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య నాయుడు మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టి తెలుగువారి సినిమా ప్రదర్శనకు పునాది వేసింది ఈ రెండు చట్టాల నడిమి కాలంలోనే. ఆంధ్ర రాష్ట్రంలో 1955లో సినిమా ప్రదర్శనల నియంత్రణకు ప్రత్యేక చట్టం వచ్చింది. బొమ్మ ఆడుతున్నంతసేపూ ద్వారాల మీద వెలుగుతూ ఉండే ఎర్రటి ఎగ్జిట్ దీపం ఇలాంటి నియమాల నుంచే తెలుగు ప్రేక్షకుడి కంటికి అలవాటైంది. ఎప్పుడూ వెలుగుతూ ఉండి కరెంటు పోయినప్పుడు కూడా ఆరని దీపం ఒక రకం, కరెంటు పోయినప్పుడు మాత్రమే వెలిగే దీపం మరో రకం అనే విభజన నేటి ప్రమాణాల్లోనూ కొనసాగుతోంది.

ఈ నియమాలు నాటకశాలలకూ సినిమాహాళ్లకూ పరిమితమైనంతకాలం మిగిలిన భవనాలు పాత పొరపాట్లనే చేస్తూ వచ్చాయి. 1903 డిసెంబరు 30న షికాగోలోని ఇరోక్వా థియేటర్‌లో జరిగిన ప్రమాదంలో 602 మంది మరణించాక అమెరికాలో నాటకశాలల నిబంధనలు బిగిశాయి. 1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్బులో నిప్పు అంటుకుని, నిమిషాల్లో దీపాలు పోయి, తిరుగుడు తలుపు దగ్గరా మూసిన తలుపుల దగ్గరా ఇరుక్కుని 492 మంది ప్రాణాలు కోల్పోయిన తరువాతే, జనం చేరే స్థలం ఏదైనా సరే అత్యవసర దీపాలూ వెలిగే ఎగ్జిట్ గుర్తులూ ఉండాలన్న నియమం అక్కడి రాష్ట్రాల్లో విస్తరించింది. 1965 నవంబరు 9 సాయంత్రం అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలోని కొంత భాగంలో సుమారు 3 కోట్ల మందికి కరెంటు పోయింది. కొన్నిచోట్ల అది 13 గంటలదాకా రాలేదు. ఆ రాత్రి బ్యాటరీకీ జనరేటర్‌కూ మధ్య పని విభజన స్పష్టమైంది. డీజిల్ జనరేటర్ గంటల తరబడి నడుస్తుంది గాని అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఒక్కోసారి స్టార్టు కాకుండా మొరాయిస్తుంది. బ్యాటరీ తక్షణం అందుకుంటుంది గాని గంటో మూడు గంటలో మాత్రమే నిలుస్తుంది. మనిషి బయటపడటానికి కావలసింది తక్షణం వచ్చే వెలుగు కనుక తప్పించుకునే దారికి బ్యాటరీ, ఆసుపత్రి శస్త్రచికిత్సల వంటి ఆగకూడని పనులకు బ్యాటరీతో పాటు జనరేటర్ అనే పద్ధతి స్థిరపడింది.

ఇదే కాలంలో కేంద్రీకృత వ్యవస్థకు పోటీ ఎదురైంది. ఫిలమెంటు బల్బుకు ఏ రకం కరెంటైనా ఒకటే కాబట్టి బ్యాటరీ నుంచి వచ్చే డీసీ దానికి సరిపోయేది. ట్యూబ్‌లైటు మాత్రం చోక్‌తో, ఏసీ మీద నడుస్తుంది. భవనాలన్నీ ట్యూబ్‌లైట్లకు మారినప్పుడు, బ్యాటరీ గదిని నిలుపుకోవాలంటే డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ కూడా పెట్టుకోవలసి వచ్చింది. అంతలో గాలి చొరబడని చిన్న నికెల్-కాడ్మియం బ్యాటరీలు, ట్రాన్సిస్టర్ సర్క్యూట్లు చవకయ్యాయి. దీపంలోనే బ్యాటరీ, చార్జర్, స్విచ్చి ఇమిడిపోయే పరికరం మార్కెట్లోకి వచ్చింది. బ్రిటన్ ఎక్కువగా ఇలాంటి విడి దీపాల వైపు మొగ్గింది, జర్మనీలో పెద్ద భవనాలు కేంద్ర బ్యాటరీనే నమ్ముకున్నాయి.

రెండు పక్షాల వాదనల్లోనూ బలం ఉంది. విడి దీపం దగ్గరకు వచ్చే తీగ కాలిపోయినా అది వెలుగుతూనే ఉంటుంది, ఒకటి పాడైనా మిగిలినవి పనిచేస్తాయి. కాని పెద్ద భవనంలో వందల కొద్దీ దీపాల్లో వందల కొద్దీ చిన్న బ్యాటరీలు సీలింగు వేడిలో మగ్గి నాలుగైదేళ్లకే నీరసిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా నిచ్చెన వేసుకుని పరీక్షించేవాడు కరువవుతాడు. కేంద్ర బ్యాటరీ చల్లని గదిలో ఎక్కువకాలం మన్నుతుంది, ఒకేచోట పరీక్షకు దొరుకుతుంది. అయితే ఆ గదికే నిప్పు అంటుకున్నా, అక్కడి నుంచి బయలుదేరే తీగలు కాలిపోయినా భవనమంతా చీకటవుతుంది. అందుకే కేంద్రీకృత వ్యవస్థ నిప్పును తట్టుకునే గోడల గదినీ, ప్రతి అంతస్తులో ఒకటి పాడైతే రెండోది అందుకునేలా రెండు వేర్వేరు సర్క్యూట్లనూ, అగ్నికి చెడని తీగలనూ కోరుతుంది. రాగి తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని దట్టించి పైన రాగి తొడుగు వేసిన మినరల్ ఇన్సులేటెడ్ కేబుల్‌లో మండే పదార్థమేదీ లేదు కాబట్టి ఈ పనికి అది ఆదర్శంగా నిలిచింది.

కేంద్రీకరణలోని ఈ బలహీనత ఎంతటిదో 1993 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ భూగర్భ పార్కింగులో జరిగిన బాంబు పేలుడు బయటపెట్టింది. ఆ పేలుడులో ఆరుగురు మరణించారు. అత్యవసర జనరేటర్లను చల్లబరిచే ఏర్పాటు దెబ్బతినడంతో అవి కొద్దిసేపటికే ఆగిపోయాయి. వేల మంది పొగ నిండిన చీకటి మెట్లమీద గంటల తరబడి దిగవలసి వచ్చింది. రక్షణ కోసం పెట్టిన యంత్రం, ప్రమాదం పుట్టిన చోటు పక్కనే ఉండటం దీనికి కారణం. ఆ తరువాత మెట్లదారుల్లో బ్యాటరీ ఉన్న దీపాలను పెట్టారు, మెట్ల అంచులకు చీకట్లో దానంతటదే మెరిసే రంగు పూశారు. 2001లో అదే భవనాల మీద జరిగిన దాడిలో దెబ్బ తగిలిన అంతస్తుల కింద ఉన్న వారు దిగిరావడానికి ఆ మార్పులు తోడ్పడ్డాయి. 2004లో న్యూయార్క్ నగరం ఎత్తయిన కార్యాలయ భవనాల్లో అలాంటి మెరిసే గుర్తులను చట్టం ద్వారా తప్పనిసరి చేసింది.

భారతదేశానికి ఈ పాఠం 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో అందింది. బోర్డర్ చిత్రం ఆడుతుండగా కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లేచిన మంటల పొగ హాలులోకి పాకింది. కరెంటు పోయింది, అత్యవసర దీపాలు లేవు, బాల్కనీలో అదనంగా వేసిన సీట్లు ఒకవైపు దారిని మూసివేశాయి. ఊపిరాడక 59 మంది మరణించారు, వంద మందికి పైగా గాయపడ్డారు. దర్యాప్తుల్లోనూ తీర్పుల్లోనూ నమోదైన ఈ లోపాల వరసకూ వియన్నా నాటి లోపాల వరసకూ మధ్య నూట పదహారేళ్ల దూరం ఉన్నా, తేడా మాత్రం చాలా స్వల్పం.

నియమాలు లేకపోవడం వల్ల ఇలా జరగలేదు. 1970లో తొలిసారి వెలువడి 1983, 2005, 2016లలో సవరణ పొందిన జాతీయ భవన నిర్మాణ స్మృతి అగ్ని భద్రతకు ఒక పూర్తి భాగాన్నే కేటాయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో అగ్నిమాపక సేవా చట్టం వచ్చింది. సాంకేతిక సామర్థ్యానికీ కొదవ లేదు. 1977లో హైదరాబాద్‌లో మొదలైన హెచ్‌బీఎల్, 1985లో తిరుపతి దగ్గర మొదలైన అమరరాజా సంస్థలు, పారిశ్రామిక బ్యాటరీల తయారీలో దేశమంతటా పేరు తెచ్చుకున్నాయి. నీళ్లు పోయనక్కర లేని సీల్డ్ సీసపు బ్యాటరీలు వచ్చాక యాసిడ్ ఆవిర్ల పాత గది బెడద తగ్గి, బీరువా వంటి పెట్టెలో బ్యాటరీ వరస మొత్తం ఇమిడిపోతోంది. కొద్ది వాట్లకే వెలిగే ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక ఒకే చిన్న కేంద్ర బ్యాటరీ అనేక అంతస్తుల మెట్లదారులకు వెలుగు ఇవ్వగలుగుతోంది. ఈ మార్పుల వల్లనే కేంద్రీకృత వ్యవస్థ మళ్లీ ఆదరణ పొందుతోంది.

కొరత ఉన్నది ఆలోచనలో. దశాబ్దాల పాటు కరెంటు కోతలతో సతమతమైన తెలుగు పట్టణాల్లో బ్యాకప్ అనగానే కోత సమయంలో ఫ్యాను తిప్పే ఇన్వర్టర్, లిఫ్టు నడిపే జనరేటర్ గుర్తుకు వస్తాయి. కరెంటు కోత వేరు, అగ్నిప్రమాదం వేరు. కోతలో భవనం లోపలి తీగలు, ప్యానెళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి, బయటి నుంచి వచ్చే కరెంటు మాత్రమే ఉండదు. అగ్నిప్రమాదంలో ఆ తీగలూ ప్యానెళ్లే కాలిపోతాయి. పైగా నీళ్లు చల్లే సిబ్బందికి షాకు తగలకుండా సరఫరాను కావాలనే ఆపుతారు, ఆపాలి కూడా. అదే మెయిన్ ప్యానెల్ గుండా, అవే తీగల మీదుగా దీపాలకు కరెంటు పంపే జనరేటర్ ఎంత పెద్దదైనా ఆ క్షణంలో అక్కరకు రాదు. అపార్టుమెంటులో, ఆసుపత్రిలో, కోచింగ్ సెంటరులో జనరేటర్ ఉంది కదా అన్న ధీమా, గోడకు వేలాడదీసి వెలిగించని నూనె దీపం ఇచ్చిన ధీమా కంటె మెరుగైనదేమీ కాదు.

అందువల్ల ఈ చరిత్ర చివరికి పరీక్ష దగ్గరకు చేరుతుంది. అమెరికా ప్రమాణాలు అత్యవసర దీపాలను నెలకోసారి కొద్దిసేపు, ఏడాదికోసారి పూర్తిగా 90 నిమిషాలు బ్యాటరీ మీదనే వెలిగించి చూడమంటాయి. బ్రిటిష్, యూరోపియన్ ప్రమాణాలూ నెలవారీ, వార్షిక పరీక్షలను, వాటి ఫలితాలను నమోదు చేసే పుస్తకాన్ని తప్పనిసరి చేస్తాయి. భవనం ప్రారంభమైన రోజున ఇచ్చిన అనుమతి పత్రం ఐదేళ్ల తరువాత బ్యాటరీలో ఎంత శక్తి మిగిలిందో చెప్పలేదు. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చే అధికారి కాగితాలు చూడటంతో ఆగకుండా మెయిన్ స్విచ్చిని ఆపించి, చివరి అంతస్తు నుంచి వీధిదాకా ఆ దీపాల వెలుగులోనే దిగివస్తే, వ్యవస్థ కేంద్రీకృతమా విడి దీపాలదా అన్న చర్చకు కూడా ఆ భవనానికి తగిన జవాబు అక్కడికక్కడే దొరుకుతుంది. వియన్నా నుంచి ఉపహార్ దాకా మరణించినవారి పట్ల సమాజానికి ఉన్న బాధ్యతలో ఈ పరీక్ష అతి చిన్న భాగం. దాని ఖర్చు ఒక సాయంత్రపు శ్రమ మాత్రమే కనుక, దాన్ని మానడానికి ఏ యాజమాన్యానికీ ఏ కార్యాలయానికీ సమర్థన లేదు.